నదిపై హక్కు రాసిచ్చిన కాగితం: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ప్రైవేటు టోల్ వంతెనలకు అనుమతి ఎలా వచ్చేది?

సంక్షిప్తంగా: పంతొమ్మిదో శతాబ్దంలో పడమటికి విస్తరిస్తున్న అమెరికాలో వంతెనలు కట్టే డబ్బు ప్రభుత్వాల దగ్గర లేదు. అందుకని శాసనసభలు డబ్బుకు బదులు హక్కులు ఇచ్చాయి. సొంత ఖర్చుతో వంతెన కట్టి, కొన్నేళ్లపాటు టోల్ వసూలు చేసుకునే హక్కును ఒక్కో కంపెనీకి ఒక్కో ప్రత్యేక చట్టంతో రాసిచ్చాయి. వంతెన కట్టాలా వద్దా అన్నదానిపై గొడవలు తక్కువే. అనుమతి పత్రంలో ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అన్నదాని మీదే కోర్టులు దశాబ్దాలపాటు వాదనలు విన్నాయి.

పట్టా లేని నేల మీదికి వంతెన

మిసిసిపీ నది ప్రధాన ప్రవాహంపై మొట్టమొదటి శాశ్వత వంతెన 1855 జనవరి 23న తెరుచుకుంది. ఇప్పటి మినియాపోలిస్ నగరంలో, నికొలెట్ ద్వీపం నుంచి పడమటి ఒడ్డుకు 620 అడుగుల దూరం వేలాడిన తీగల వంతెన అది. ఇంజనీరు థామస్ గ్రిఫిత్. కట్టింది ప్రభుత్వం కాదు, మిసిసిపీ బ్రిడ్జ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. దానికి 1852లో మినెసోటా టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని, కేంద్రం కింద ఉన్న ప్రాంతం) శాసనసభ అనుమతి ఇచ్చింది. నడిచి వెళ్లే మనిషికి 5 సెంట్లు, గుర్రపు బండికి 25 సెంట్లు టోల్. రోజు కూలి డాలరుకు అటూ ఇటూగా ఉన్న కాలంలో ఇది చిన్న మొత్తమేమీ కాదు.

కంపెనీ వెనకున్న ముఖ్యుడు ఫ్రాంక్లిన్ స్టీల్. సెయింట్ ఆంథనీ జలపాతం పక్కన తూర్పు ఒడ్డున అతనికి భూములు, రంపపు మిల్లు ఉన్నాయి. టెరిటరీ తరఫున అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్న ప్రతినిధి హెన్రీ సిబ్లీ అతనికి స్వయానా బావ. ఇలాంటి చుట్టరికాలు ఆ రోజుల్లో కొత్తేమీ కావు. ఐదారు వేల మంది వలసదారులున్న ప్రాంతంలో పెట్టుబడి పెట్టగలవాళ్లు, చట్టాలు చేయగలవాళ్లు ఒకే గుంపులో ఉండేవారు.

భూమి సంగతి మరీ విచిత్రం. పడమటి ఒడ్డంతా ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక కోటకు కేటాయించిన నేల. 1849-50లో జాన్ స్టీవెన్స్ అనే వ్యక్తి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ప్రభుత్వ అవసరాలకు నది దాటించే బల్లకట్టు నడపాలన్న షరతు మీద సైనిక శాఖ అతన్ని అక్కడ ఉండనిచ్చింది. అంటే ఆ రేవుకు మొదట అనుమతి వచ్చింది శాసనసభ నుంచి కాదు, సైన్యం నుంచి. సైనిక కేటాయింపును కాంగ్రెస్ 1852లో కుదించినా, అక్కడ స్థిరపడినవాళ్లకు భూమి కొనుక్కునే హక్కు దొరికింది మాత్రం 1855 మార్చిలోనే. చట్టప్రకారం ఇంకా ఎవరి పేరా పట్టా లేని నేల మీదికి వంతెన ముందే వెళ్లిపోయింది. ఆ నేల డకోటా జాతి నుంచి ఒప్పందాల పేరుతో రాయించుకున్నది. వంతెన లెక్కల్లో వాళ్ల మాట ఎక్కడా లేదు.

స్టీల్ వంటివారికి అసలు లాభం టోల్‌లో లేదు. వంతెన వస్తే రెండు ఒడ్డుల మీదా ఇళ్ల స్థలాల ధర పెరుగుతుంది, మిల్లు సరుకుకు దారి దొరుకుతుంది. టోల్ ఖర్చు రాబట్టుకునే సాధనం, భూమి లాభం తెచ్చే ఆస్తి. చాలా వంతెన కంపెనీల వాటాదారుల జాబితా చూస్తే రేవు పక్కన భూములున్నవాళ్లే కనిపించడానికి కారణం ఇదే.

అసలు అనుమతి దేనికి?

సొంత డబ్బుతో కట్టే వంతెనకు శాసనసభ చట్టం ఎందుకన్న సందేహం సహజం. దానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటిని కలిపేసి చూడటం వల్లే చాలామందికి ఈ విషయం తికమకగా ఉంటుంది.

మొదటిది కంపెనీ పుట్టుక. ఇప్పట్లా దరఖాస్తు పెట్టి కంపెనీ రిజిస్టరు చేసుకునే వీలు అప్పట్లో చాలా చోట్ల లేదు. పదిమంది వాటాలు కలిపి ఒకే సంస్థగా నిలవాలంటే, ఆ సంస్థ పేరుతో శాసనసభ ప్రత్యేక చట్టం చేయాలి. దాన్నే ఛార్టర్ అనేవారు. రెండోది టోల్ హక్కు. దారిన పోయేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేయడం ప్రభుత్వాధికారం అన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయ సంప్రదాయం. ఆ అధికారంలో కొంత భాగాన్ని ప్రభుత్వం ఇస్తే తప్ప ప్రైవేటు వ్యక్తికి అది దక్కదు. మూడోది నది. పడవలు తిరిగే నదిలో అనుమతి లేకుండా స్తంభం నాటితే అది ప్రజామార్గానికి అడ్డంకి అవుతుంది. ఎవరైనా కోర్టుకెళ్లి దాన్ని తీసేయించవచ్చు.

కృష్ణా తీరంలో బల్లకట్టు హక్కును వేలం వేయడం తెలుగువారికి తెలిసిందే. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు నిర్ణీత కాలానికి హక్కు వస్తుంది, రేట్లు పైవాళ్లు నిర్ణయిస్తారు. అమెరికాలో కౌంటీ (జిల్లా వంటిది) బోర్డులు బల్లకట్లకు ఇచ్చిన లైసెన్సులూ కాలపరిమితితో, అధికారులు ఖరారు చేసిన రేట్లతో ఉండేవి. వాటికి వేలంపాట బదులు లైసెన్సు ఫీజు, పూచీకత్తు పత్రం ఉండేవి. వంతెన ఛార్టర్ ఈ రెండింటికంటే చాలా పెద్ద హక్కు. అది ఏడాదికో రెండేళ్లకో ఇచ్చేది కాదు, ఇరవై ముప్పై ఏళ్లకు పైగా సాగే హక్కు. పైగా 1819లో డార్ట్‌మత్ కాలేజీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఛార్టర్ అంటే ఒప్పందమేనని, ఇచ్చిన ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు దాన్ని మార్చడానికి వీల్లేదని చెప్పేసింది. దాంతో ఆ కాగితం విలువ ఒక్కసారిగా పెరిగింది.

ఛార్టర్‌లో ఏముండేది

ఆనాటి ఛార్టర్లు చూస్తే పైకి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కంపెనీ ప్రతినిధుల పేర్లు, మూలధనం ఎంత, వాటా ధర ఎంత, వంతెన ఏ రేవు దగ్గర, ఎన్నేళ్లలో మొదలుపెట్టి ఎన్నేళ్లలో ముగించాలి, టోల్ రేట్ల పట్టిక, ఒడ్డున భూమి తీసుకునే పద్ధతి, పడవలకు ఎంత ఖాళీ వదలాలి, ఇంకా జరిమానాలు.

ఇందులో గడువు షరతు చూడ్డానికి చిన్నదే గానీ దాని పని పెద్దది. ఛార్టర్ పుచ్చుకునేవాళ్లలో కట్టే ఉద్దేశం లేనివాళ్లూ ఉండేవారు. మంచి రేవు మీద హక్కు దక్కించుకుని, తర్వాత ఎవరైనా డబ్బున్నవాడు వస్తే అమ్ముకోవడం వాళ్ల వ్యాపారం. కొత్త టెరిటరీ శాసనసభలు ఇలాంటి పత్రాలను ధారాళంగా ఇచ్చేవి. 1864 డిసెంబరులో బానక్ అనే బంగారు గనుల ఊళ్లో కొలువుదీరిన మోంటానా టెరిటరీ తొలి శాసనసభ చేసిన చట్టాల్లో టోల్ రోడ్లు, వంతెనలు, బల్లకట్లకు ఇచ్చినవి బోలెడు. గడువు దాటితే హక్కు రద్దు అన్న షరతు లేకపోతే, వంతెనా రాదు, ఇంకొకరు కట్టే దారీ ఉండదు.

టోల్ పట్టికలో మనిషి, గుర్రం, రెండు గుర్రాల బండి, పశువులు, గొర్రెలు, పందులు ఒక్కోదానికి ఒక్కో రేటు. ఇవి గరిష్ఠ రేట్లు. తగ్గించుకోవచ్చు, పెంచకూడదు. ఎక్కువ వసూలు చేస్తే కంపెనీకి జరిమానా, టోల్ ఎగ్గొడితే ప్రయాణికుడికి జరిమానా. వంతెనపై గుర్రాన్ని నడక కంటే వేగంగా తోలినా జరిమానాయే. పరుగు అదురుకు కర్ర వంతెనలు, తీగల వంతెనలు దెబ్బతింటాయన్న భయం ఊరికే వచ్చింది కాదు. తూర్పు రాష్ట్రాల టోల్ రోడ్ల చట్టాల్లోనైతే చర్చికి, అంత్యక్రియలకు, పిండిమరకు వెళ్లేవాళ్లకు మినహాయింపులుండేవి. రోజూ తప్పనిసరిగా తిరిగేవాళ్ల దగ్గర డబ్బు పిండితే ఊరంతా తిరగబడుతుందని శాసనకర్తలకు తెలుసు.

రేట్ల పట్టిక లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి నార్త్ ప్లాట్ నది ఉంది. ఆరెగాన్, కాలిఫోర్నియాలకు బండ్ల మీద వెళ్లే వలసదారులు ఇప్పటి వయోమింగ్‌లోని కాస్పర్ దగ్గర ఈ నదిని దాటాలి. అక్కడ 1850ల తొలినాళ్లలో జాన్ రిషార్ అనే వ్యాపారి, 1859లో లూయీ గీనార్ అనే మరో వ్యాపారి టోల్ వంతెనలు కట్టారు. గీనార్ వంతెన పొడవు సుమారు 1,000 అడుగులు. కర్ర దూలాలతో కట్టిన పెట్టెల్లో రాళ్లు నింపి వాటి మీద నిలబెట్టాడు. ఖర్చు 40,000 డాలర్ల దాకా అయిందని అంచనా. అంత దూరాన టోల్‌కు హద్దు పెట్టి దాన్ని అమలు చేయించే యంత్రాంగం లేదు. బండికి టోల్ 1 డాలరు నుంచి 6 డాలర్ల వరకు ఉండేది. అది ఎంతన్నది నీటిమట్టాన్ని బట్టి ఉండేది. నది ఎండినప్పుడు బండ్లు నీళ్లలోంచే దాటేస్తాయి కాబట్టి రేటు తక్కువ. వరదొస్తే వేరే దారి ఉండదు కాబట్టి రేటు ఆరింతలు. ప్రయాణికుడి అవసరం ఎంత ముదిరితే అంత ధర అన్నమాట.

అదే సమయంలో గీనార్ పెట్టిన డబ్బు కూడా చిన్నది కాదు. ఆ వంతెనకు చట్టం ఇచ్చిన రక్షణ ఏదీ లేదు, నేల మీద హక్కూ లేదు. 1865 జూలైలో లకోటా, షయాన్, అరపహో యోధులు ఆ వంతెన దగ్గరే అమెరికా సైన్యంతో పోరాడారు. రెండేళ్లకు సైన్యం వంతెన పక్కనున్న తన కోటను వదిలేసింది, వంతెన తగలబడిపోయింది. ఛార్టర్ లేని వంతెనకు ధర విషయంలో స్వేచ్ఛ ఉంటుంది గానీ, దీర్ఘకాలం మీద భరోసా ఉండదు. అలాంటప్పుడు దొరికినన్నాళ్లు దొరికినంత వసూలు చేసుకోవడమే యజమానికి లాభం.

రాయని మాటకు విలువుందా?

గొడవలు ఎక్కువగా వచ్చింది ఒకే ప్రశ్న మీద. ఒక కంపెనీకి వంతెన హక్కు ఇచ్చాక, పక్కనే ఇంకో వంతెనకు అనుమతి ఇవ్వొచ్చా?

దీనికి మూలమైన కేసు బోస్టన్‌లో పుట్టింది. చార్లెస్ నది మీద వంతెనకు మసాచుసెట్స్ శాసనసభ 1785లో ఒక కంపెనీకి ఛార్టర్ ఇచ్చింది. అంతకుముందు ఆ రేవులో బల్లకట్టు ఆదాయం హార్వర్డ్ కాలేజీది. ఆ నష్టానికి కంపెనీ ఏటా 200 పౌండ్లు కాలేజీకి చెల్లించాలి. టోల్ హక్కు 40 ఏళ్లు, తర్వాత దాన్ని 70 ఏళ్లకు పెంచారు. వంతెన బాగా లాభాలు తెచ్చింది, జనానికి విసుగూ పుట్టింది. 1828లో శాసనసభ పక్కనే వారెన్ వంతెనకు అనుమతి ఇచ్చింది. ఖర్చు రాబట్టుకోగానే, లేదా ఎంత ఆలస్యమైనా ఆరేళ్లలోపు, అది ఉచితం కావాలన్నది షరతు. పక్కన ఉచిత వంతెన ఉంటే పాతదానికి డబ్బు కట్టేవాడెవడు? పాత కంపెనీ కోర్టుకెక్కింది.

1837లో సుప్రీంకోర్టు 4-3 తేడాతో కొత్త వంతెన వైపు నిలిచింది. పత్రంలో ‘పోటీ ఉండదు’ అని రాయలేదు కాబట్టి ఆ హామీ లేనట్టే అన్నది ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు సారాంశం. అలా కాదంటే పాత టోల్ రోడ్ల కంపెనీలన్నీ లేచి రైలుమార్గాలను ఆపేస్తాయని ఆయన హెచ్చరించాడు. మరో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ ఒప్పుకోలేదు. మాట ఇచ్చి దాన్ని ఇలా నిరర్థకం చేస్తే ఇకపై ఇలాంటి పనులకు పెట్టుబడి పెట్టేదెవరన్నది ఆయన అభ్యంతరం. ఇద్దరి వాదనలోనూ బలముంది. కాకపోతే స్టోరీ భయపడినట్టు పెట్టుబడి ఆగిపోలేదు. జరిగింది ఇంకోటి: లాయర్లు జాగ్రత్తపడ్డారు. ఇంత దూరంలోపు ఇంకో వంతెన ఉండకూడదన్న షరతు స్పష్టంగా రాయించుకోవడం కంపెనీలకు తప్పనిసరైంది.

అలా రాసి ఉంటే కోర్టు మన్నించేదా? మన్నించింది. న్యూయార్క్ రాష్ట్రంలో షెనాంగో నది మీద పాత వంతెనకు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఛార్టర్ దొరికింది. అప్పటికి అది దట్టమైన అడవి ప్రాంతం. ఎగువన, దిగువన రెండు మైళ్లలోపు ఇంకో వంతెన రాకూడదన్న హామీ ఆ ఛార్టర్‌కు వర్తిస్తుందని కంపెనీ వాదించింది. తర్వాత అక్కడ బింగామ్టన్ పట్టణం పెరిగింది. శాసనసభ ఆ హద్దులోపలే మరో వంతెనకు అనుమతి ఇచ్చేసింది. సుప్రీంకోర్టు ఈసారి పాత కంపెనీనే గెలిపించింది. అడవిలో ఎవరూ డబ్బు పెట్టని రోజున పెట్టినవాడికి ఇచ్చిన మాట, ఊరు పెరిగి బరువనిపించినంత మాత్రాన పోదన్నది ఆ తీర్పులోని భావం.

ఈ రెండింటి మధ్యలో, మిసిసిపీ తీరాన డుబ్యూక్ ఊరి కేసు ఇంకా ఆసక్తికరం. 1838లో అయోవా టెరిటరీ శాసనసభ టిమొథీ ఫానింగ్ అనే అతనికి ఇరవై ఏళ్లపాటు అక్కడ బల్లకట్టు నడిపే హక్కు ఇచ్చింది. ఊరి హద్దుల్లో ఏ కోర్టూ, ఏ కౌంటీ బోర్డూ ఇంకొకరికి అనుమతి ఇవ్వకూడదని అందులో రాసుంది. అది గుత్తహక్కే అనుకున్నాడు ఫానింగ్. 1853లో సుప్రీంకోర్టు కాదంది. ఆ నిషేధం కోర్టులకు, కౌంటీ బోర్డులకే గానీ శాసనసభ తన చేతులు తాను కట్టుకోలేదని తేల్చింది. కాబట్టి శాసనసభ అధికారంతో నగరం అనుమతించిన పోటీ బల్లకట్టు చెల్లుతుంది. పత్రం రాసిన రోజున ఈ తేడా ఫానింగ్‌కు తట్టి ఉంటుందా అన్నది అనుమానమే.

కాలపరిమితి విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కొన్ని ఛార్టర్లు సంవత్సరాలు లెక్కపెట్టాయి, కొన్ని పెట్టుబడి, దానిమీద నిర్ణీత లాభం రాగానే హక్కు ముగుస్తుందన్నాయి. రెండో పద్ధతి వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ లెక్కల పుస్తకం కంపెనీ చేతిలోనే ఉంటే ఆ రోజు ఎప్పటికీ రాకపోవచ్చు. ఇది పాత అమెరికాకే పరిమితం కాదు. ఢిల్లీ-నోయిడా డీఎన్‌డీ వంతెనకు 1997లో కుదిరిన ఒప్పందంలో ఏటా 20 శాతం రాబడి హామీ ఉంది. రాని మొత్తాన్ని ఖర్చులో కలిపే సూత్రం వల్ల రాబట్టుకోవాల్సిన సొమ్ము తగ్గకపోగా పెరుగుతూ పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు ఆ టోల్ ఆపేసింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఈ కోణంలో చూస్తే, ఖర్చు తేలకపోయినా ఆరేళ్లకు ముగింపే అన్న వారెన్ వంతెన షరతు తెలివైనదనే చెప్పాలి.

నది ఎవరిది?

వంతెన మీద వెళ్లేవాళ్లకు అనుమతి పత్రం సరిపోతుంది. వంతెన కింద వెళ్లేవాళ్ల సంగతి వేరు. 1787 నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ ప్రకారం మిసిసిపీలో కలిసే పడవ దారులన్నీ అందరికీ చెందిన రహదారులు, వాటిపై పన్ను, సుంకం ఉండకూడదు. తర్వాత చాలా రాష్ట్రాలను యూనియన్‌లో చేర్చుకునేటప్పుడు ఇదే షరతు పెట్టారు. మరి వంతెన మీద టోల్ వసూలు చేస్తే ఈ షరతును మీరినట్టా?

మొదటి పెద్ద గొడవ ఒహాయో నది మీద వీలింగ్ దగ్గర వచ్చింది. వర్జీనియా శాసనసభ 1847లో ఇచ్చిన అనుమతితో ఇంజనీరు చార్లెస్ ఎలెట్ కట్టిన తీగల వంతెన 1849లో తెరుచుకుంది. ప్రధాన భాగం పొడవు 1,010 అడుగులు. దాని కింద నుంచి పిట్స్‌బర్గ్ వెళ్లే పెద్ద ఆవిరి పడవల పొగగొట్టాలు తగులుతున్నాయని పెన్సిల్వేనియా రాష్ట్రం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. పొగగొట్టాల వెనక వ్యాపార పోటీ ఉందని అందరికీ తెలుసు. పడమటి వ్యాపారం వీలింగ్ మీదుగా పోతే నష్టపోయేది పిట్స్‌బర్గ్. 1852లో కోర్టు వంతెన ఎత్తయినా పెంచాలి, లేదా తీసేయాలి అంది. అదే ఏడాది ఆగస్టులో కాంగ్రెస్ రంగంలోకి దిగి ఆ వంతెన చట్టబద్ధమని, పైగా అది టపా మార్గమని చట్టం చేసేసింది. టపా మార్గం అన్న ముద్ర పడితే దాన్ని కాపాడే అధికారం కేంద్రానిది అవుతుంది. 1854 మేలో గాలివానకు వంతెన కూలింది. మళ్లీ కట్టకుండా ఉత్తర్వు తెచ్చుకున్నా కంపెనీ ఆగలేదు, కట్టేసింది. 1856లో కోర్టు కాంగ్రెస్ చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రం ఇచ్చిన అనుమతి ఒక్కటే చాలదని, కాంగ్రెస్ అండ ఉంటే కోర్టు అడ్డంకినీ దాటొచ్చని అందరికీ అర్థమైంది.

ఇదే ప్రశ్న పసిఫిక్ తీరాన పోర్ట్‌లాండ్‌లో మళ్లీ లేచింది. విలమెట్ నది మీద మోరిసన్ వీధి దగ్గర టోల్ వంతెనకు ఆరెగాన్ శాసనసభ 1878లో అనుమతి ఇచ్చింది. ఓడల కోసం వంతెన మధ్యలో తెరుచుకునే భాగం ఉండాలని, దారి 100 అడుగులకు తగ్గకూడదని అందులో ఉంది. పని మొదలయ్యాక ఎగువన రేవులున్న యజమానులు ఫెడరల్ కోర్టుకెళ్లి 1881లో ఆపించారు. ఆరెగాన్‌ను రాష్ట్రంగా చేర్చుకున్న 1859 చట్టంలో నదులు స్వేచ్ఛామార్గాలన్న షరతు ఉంది కదా అన్నది వాళ్ల వాదన. 1888లో సుప్రీంకోర్టు దాన్ని తిరగ్గొట్టింది. ఆ షరతు నదిని వాడుకున్నందుకు సుంకం వేయకూడదనే చెబుతుంది, వంతెన కట్టకూడదని చెప్పదు. కాంగ్రెస్ ప్రత్యేకంగా నిషేధించనంతవరకు రాష్ట్రం అనుమతి చాలు అంది. వీలింగ్ కేసు ఇచ్చిన పాఠానికి ఇది కొంత ఎదురు వెళ్తుంది. అయితే తీర్పు వచ్చేసరికి వంతెన 1887లోనే తెరుచుకుని ఉంది.

ఈ తీర్పు వదిలిన ఖాళీని కాంగ్రెస్ రెండేళ్లలో పూడ్చింది. 1890 నదులు-రేవుల చట్టం, దాని తర్వాత 1899 చట్టం, పడవలు తిరిగే నదుల మీద కేంద్రం ఆమోదం లేకుండా వంతెన కట్టడాన్ని నిషేధించాయి.

ప్రత్యేక చట్టాలకు తెర

అనుమతులు ఇచ్చే పద్ధతి మీదా ఈలోగా విసుగు పెరిగింది. ఒక్కో కంపెనీకి ఒక్కో చట్టం చేయడమంటే సభలో ఒక్కో బేరం. సభ్యుల సమయం అందులోనే పోయేది. ఓట్ల కోసం వాటాలు చేతులు మారుతున్నాయన్న అనుమానాలూ ఉండేవి. పైగా టెరిటరీ చట్టాలకు ఇంకో ప్రమాదం ఉంది. అవన్నీ కాంగ్రెస్‌కు వెళ్లాలి, అక్కడ వద్దంటే రద్దు. 1867లో కాంగ్రెస్ మోంటానా రెండో, మూడో శాసనసభల చట్టాలన్నిటినీ ఒక్క దెబ్బకు కొట్టేసింది. ఆ సభల ఎన్నికే చెల్లదన్న రాజకీయ వివాదం దానికి కారణం. వాటి దగ్గర హక్కులు పొందినవాళ్లు ఏ తప్పూ చేయకుండానే ఇరుక్కున్నారు.

ఆ ఏడాదే టెరిటరీ శాసనసభలు ప్రైవేటు ఛార్టర్లు, ప్రత్యేక హక్కులు ఇవ్వకుండా కాంగ్రెస్ నిషేధించింది. సాధారణ కంపెనీల చట్టం కింద నమోదు చేసుకోవాలంది. అయినా ‘స్థానిక చట్టం’ పేరుతో పని సాగుతూనే ఉందేమో, 1886లో మరో చట్టం చేసి టెరిటరీలు ప్రత్యేక చట్టాలు చేయకూడని విషయాల జాబితా ఇచ్చింది. విడాకులు, పేర్ల మార్పు వంటివాటి పక్కన బల్లకట్లకు, టోల్ వంతెనలకు లైసెన్సు ఇవ్వడాన్నీ పేరుపెట్టి చేర్చింది. ఇల్లినాయ్ 1870 రాజ్యాంగంలోనూ ఇదే నిషేధం ఉంది. ఇక అధికారం సభ నుంచి కౌంటీ బోర్డులకు, సాధారణ చట్టాలకు జారిపోయింది.

ప్రకృతి కూడా పెట్టుబడిదారుల లెక్కల్ని తారుమారు చేసేది. కాన్సస్ నది మీద టొపీకాలో 1858లో కట్టిన కర్ర వంతెన కొన్ని వారాలకే వరదలో కొట్టుకుపోయింది. సెయింట్ లూయిస్‌లో 1874లో తెరిచిన ఈడ్స్ ఉక్కు వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది గానీ, దాన్ని కట్టిన కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. రైలు కంపెనీలు వంతెన వైపు రాక, పాత బల్లకట్టు కంపెనీతోనే పని కానిచ్చాయి. వంతెన కట్టడం వేరు, దానిమీద రాకపోకలు రప్పించడం వేరు.

టోల్ వంతెనలకు చివరి దెబ్బ వాటి విజయమే. ఊళ్లు పెరిగేకొద్దీ దుకాణదారులకు ఉచిత వంతెన కావాలి. పన్నులు కట్టే జనం ఉన్నారు కాబట్టి అప్పు పుట్టే స్తోమత నగరాలకు వచ్చింది. పోర్ట్‌లాండ్ నగరం 1895లో మోరిసన్ వంతెనను కొని టోల్ ఎత్తేసింది. చాలా కౌంటీలు ఇదే దారి పట్టాయి. కొనేటప్పుడు ఛార్టర్‌లో ఎన్నేళ్లు మిగిలాయి, పోటీ వంతెనకు అడ్డు ఉందా లేదా అన్నవే ధరను తేల్చేవి.

పూర్తిగా మాత్రం పోలేదు. అమెరికాలోని డెట్రాయిట్‌ను కెనడాలోని విండ్సర్‌తో కలిపే అంబాసిడర్ బ్రిడ్జ్ 1921 నాటి కాంగ్రెస్ అనుమతితో కట్టి 1929లో తెరిచిన ప్రైవేటు టోల్ వంతెన. ఇప్పటికీ ప్రైవేటు యాజమాన్యంలోనే ఉంది. దానికి కొద్ది దూరంలో కెనడా డబ్బుతో గోర్డీ హౌ పేరిట మరో వంతెన తలపెట్టినప్పుడు, తమ పాత అనుమతి ప్రకారం పోటీ లేకుండా టోల్ వసూలు చేసుకునే హక్కు తమకుందని పాత కంపెనీ వాదించింది. అలాంటి గుత్తహక్కు ఆ అనుమతిలో లేదని అమెరికా ఫెడరల్ కోర్టులు తోసిపుచ్చాయి. 2018లో కొత్త వంతెన పని మొదలైంది.